ఇంకా గెలవని పిల్లల కథలు

ఇంటర్, జేఈఈ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవండి. మొదటి పేజీ నిండా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక్కో అంకె. ఆ ర్యాంకుకు ముందు ఆ అమ్మాయి ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయి ఏడ్చిందో, ఆ అబ్బాయి ఏ రాత్రి హాస్టల్ ఫోన్లోంచి "నాన్నా, వచ్చి తీసుకెళ్లిపో" అని అడిగాడో ఆ పేజీలో ఉండదు. ఫొటో పడని పిల్లల సంగతి సరేసరి. అయినా మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలందరి కంటా పడే సాటి పిల్లల కథ ఇదొక్కటే. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఆ పేజీ చూసి తన గురించి తాను ఒక నిర్ణయానికి వచ్చేస్తాడు. వాళ్లు వేరే రకం, నేను వేరే రకం అనుకుంటాడు.

ఆ నిర్ణయాన్ని కదిలించగల చోటు బడి ఒక్కటే. టీచర్లతో, తల్లిదండ్రులతో ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఇదీ: కష్టంలో ఉన్న సాటి వయసు పిల్లల నిజమైన కథలు బళ్లో చదివించాలి. అవి గెలిచాక వెనక్కి తిరిగి చూసి చెప్పినవైతే చాలదు. గెలుస్తామో లేదో తెలియని రోజుల్ని దాచకుండా చెప్పినవై ఉండాలి.

"మా పాఠాల్లో అలాంటివి ఉన్నాయిగా" అని మీరు అనొచ్చు. ఉన్నాయి. మన పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో చాలా ఏళ్లు మొదటి యూనిట్ పేరే పర్సనాలిటీ డెవలప్‌మెంట్. కాళ్లూ చేతులూ లేకుండా పుట్టిన నిక్ వుజిసిక్, ఐఐటీ ప్రవేశ పరీక్షలో నెగ్గినా ఇంట్లో డబ్బు లేక చేరలేకపోయిన నారాయణమూర్తి అందులో పాఠాలుగా వచ్చారు. మంచి పాఠాలే. కానీ పాఠం పేరు చదవగానే చివర ఏమవుతుందో పిల్లలకు తెలిసిపోతుంది. ఇన్ఫోసిస్ పెట్టబోయే మనిషి కష్టం పిల్లవాడికి కష్టంలా కనిపించదు, గొప్పతనానికి ముందు వచ్చే ఒక మెట్టులా కనిపిస్తుంది. తన ఇంట్లో ఫీజు కట్టలేని పరిస్థితికి అలాంటి హామీ ఏదీ లేదని వాడికి బాగా తెలుసు.

గొప్పవాళ్ల గురించి ఏం చెబుతున్నామన్నది పిల్లల మార్కుల్లో కూడా కనబడుతుందా అని కొందరు పరీక్షించి చూశారు. న్యూయార్క్‌లో జియావోడాంగ్ లిన్-సీగ్లర్, ఆమె సహచరులు పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే బళ్లలో 402 మంది తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల్ని మూడు గుంపులు చేశారు. చదివింది ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడే గురించే. ఒక గుంపుకు వాళ్లు సాధించినవి చెప్పారు. ఒక గుంపుకు జీవితంలో పడ్డ కష్టాలు చెప్పారు. మూడో గుంపుకు ప్రయోగాలు తప్పిపోవడం, లెక్క తేలకపోవడం లాంటి చదువు కష్టాలు చెప్పారు. 2016లో వచ్చిన ఫలితం ఇది: కష్టాలు చదివిన రెండు గుంపుల పిల్లలకూ సైన్స్ మార్కులు మెరుగుపడ్డాయి, అందులోనూ వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ. సాధించినవి మాత్రమే చదివిన గుంపు మార్కులు తగ్గాయి. ఈ తగ్గడం దగ్గర టీచర్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మనం స్ఫూర్తి అనుకుని పంచిపెడుతున్నది కొందరు పిల్లల్ని ఇంకా వెనక్కి నెడుతోందేమో.

మరి పేరున్న శాస్త్రవేత్తల కష్టాలకే ఇంత ఫలితం ఉంటే, అచ్చంగా తన వయసువాడి కథకు ఎంత ఉండాలి?

ఒక కథ, కాస్త నిదానంగా

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి హిందీ ఉపవాచకం ‘వితాన్’లో ‘జూఝ్’ అనే పాఠం ఉంది. మరాఠీ రచయిత ఆనంద్ యాదవ్ 1987లో రాసిన ‘ఝోంబీ’ అనే పుస్తకంలోంచి తీసుకున్న భాగం అది. ఆయన బాల్యమే ఆ పుస్తకం. ఆత్మకథాత్మక నవల అని ఆయనే చెప్పుకున్నారు, 1990లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. హిందీ తీసుకోని తెలుగు పిల్లలకు ఈ కథ చేరదు. అందుకే ఇక్కడ వివరంగా చెబుతాను.

కొల్హాపూర్ ప్రాంతపు పల్లె. కుర్రాడి పేరు ఆనంద్. వాళ్ల నాన్న వాణ్ని బడి మాన్పించి పొలం పనిలో పెట్టాడు. చెరకు గానుగ పని అయిపోయింది. అమ్మ ఎండలో పిడకలు చరుస్తుంటే పక్కనే కూర్చుని మళ్లీ బడికి వెళ్తానంటాడు. అమ్మకు కొడుకు బాధ అర్థమైంది, మొగుడికి చెప్పే ధైర్యం మాత్రం లేదు. ఇద్దరూ కలిసి ఊరి పెద్ద దత్తాజీరావు దగ్గరికి వెళ్తారు. మేం వచ్చి చెప్పినట్టు వాడి నాన్నకు తెలియనివ్వొద్దని బతిమాలుకుంటారు. దత్తాజీరావు ఆ తండ్రిని పిలిపించి గట్టిగా మందలిస్తాడు. తండ్రి ఒప్పుకుంటాడు, కానీ షరతులు పెడతాడు. తెల్లవారి పొలానికి వెళ్లి నీళ్లు పెట్టాలి, పదకొండు వరకూ పని చేసి అటునుంచి అటే బడికి పోవాలి, బడి వదిలాక పశువుల్ని మేపాలి, పొలంలో పని ఎక్కువున్న రోజు బడి ఎగ్గొట్టాలి. కుర్రాడు అన్నిటికీ తలూపుతాడు.

ఇంతవరకు గెలుపు కథలాగే ఉంది కదా. బళ్లో అడుగుపెట్టాక అసలు కథ మొదలవుతుంది. తన ఈడువాళ్లంతా పై తరగతికి వెళ్లిపోయారు. వీడు అయిదో తరగతిలో తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి. మొదటిరోజే ఒక పోకిరి వీడి తలగుడ్డ లాక్కుని తన నెత్తికి చుట్టుకుని మేష్టారిలా నటిస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. అంత కష్టపడి సంపాదించుకున్న బడిని ఆ కుర్రాడు అప్పుడే వదిలేద్దామనుకుంటాడు. పొలమే నయం అనిపిస్తుంది. తర్వాత అమ్మ వెంటపడి బజారు నుంచి టోపీ, నిక్కర్లు తెప్పించుకుంటాడు. మిగతా పిల్లల్లా కనబడితే చాలు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ఈ టోపీ దగ్గరే క్లాసులో ఆగమని నేను టీచర్లకు చెబుతుంటాను. పాఠ్యపుస్తకాల వీరులెవరూ టోపీ కోసం ఏడవరు. మన పిల్లలు ఏడుస్తారు. గురుకులంలో చేరిన మొదటివారం చెప్పుల వల్ల, యాస వల్ల, డబ్బాలో అమ్మ పెట్టిన కూర వాసన వల్ల అవమానపడ్డ పిల్లకు ఆ వాక్యం అచ్చంగా తనదే. చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే చిన్న విషయం పుస్తకంలో అచ్చయి ఉంది. పరీక్షకు వచ్చే పాఠంలో ఉంది. అంటే అది చిన్న విషయం కాదన్నమాట, నేనొక్కదాన్నే కాదన్నమాట. పిల్ల మనసులో ఈ మాట కదిలాక మీరు చెప్పాల్సింది పెద్దగా ఏమీ ఉండదు.

ఆ తర్వాత ఏమవుతుంది? వసంత్ పాటిల్ అనే పిల్లవాడు లెక్కలు బాగా చేస్తాడు. వీడు వాణ్ని చూసి పుస్తకాలకు అట్టలు వేసుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టి లెక్కల దాకా నేర్చుకుంటాడు. లెక్కల మేష్టారు మంత్రి గుర్తిస్తారు. మరాఠీ మేష్టారు సౌందల్గేకర్ పద్యాన్ని రాగం తీసి, అభినయించి చెబుతుంటే ఈ కుర్రాడు అదే రాగంతో పొలంలో పాడుకుంటాడు. మేష్టారు తన గుమ్మం ముందున్న తీగ మీద కవిత రాశారని తెలిశాక కవులు కూడా మనలాంటి మనుషులేనని వీడికి అర్థమవుతుంది. బర్రెల్ని మేపుతూ, కాగితం లేకపోతే బర్రె వీపు మీదే పుల్లతో గీసి కవితలు కడతాడు. ఒంటరిగా పొలంలో ఉండటం ఒకప్పుడు భారం, ఇప్పుడు ఆ ఒంటరితనమే కావాలనిపిస్తుంది.

వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలావరకు పట్టుదల ఉంటే చాలంటాయి. నేనూ వ్యక్తిత్వ వికాసం గురించే రాస్తున్నాను, కానీ ఆ మాట సగమే నిజం. ఈ కథలో కుర్రాడి పట్టుదలతో పాటు ఇంకెవరెవరున్నారో పిల్లల చేత జాబితా రాయించండి. అమ్మ, దత్తాజీరావు, వసంత్ పాటిల్, ఇద్దరు మేష్టార్లు. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా కథ మరోలా ఉండేది. నిజమైన కథ చదివిన పిల్లకు సాయం అడగడం కూడా పోరాటంలో భాగమేనని తెలుస్తుంది. నీ దత్తాజీరావు ఎవరు, నువ్వు ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోగలవు అని అడగండి. ఏ పేరూ రాయలేని పిల్ల ఎవరైనా ఉంటే ఆ సాయంత్రమే మీరు ఆ పిల్లతో మాట్లాడాలి.

మలావత్ పూర్ణ కథనూ ఇలాగే చెప్పొచ్చు. నిజామాబాద్ జిల్లా పాకాల అనే ఊరి గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, పద్నాలుగేళ్లు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. మనం బళ్లో ఎప్పుడూ ఆ శిఖరం మీద జెండా ఫొటోనే చూపిస్తాం. దానికన్నా భువనగిరి గుట్ట దగ్గర ఎక్కువసేపు ఉండండి. మొదటి శిక్షణ అక్కడే. ఎవరెస్ట్ పేరు మాత్రమే విన్న పిల్లలు ఏకశిల కొండకు తాడు కట్టుకుని నిలబడ్డ రోజు అది. మన పిల్లలు బస్సులో వెళ్తూ చూసే కొండ అది.

ముగింపు లేకపోతేనే మేలు

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో అనీస్ జంగ్ రాసిన ‘లాస్ట్ స్ప్రింగ్’ ఉంది. ఫిరోజాబాద్ గాజుల కొలుముల దగ్గర తరతరాలుగా పనిచేసే కుటుంబంలోని ముఖేష్ మోటారు మెకానిక్ అవుతానంటాడు. గ్యారేజీ చాలా దూరం, అయినా నడిచి వెళ్తానంటాడు. అక్కడితో సరి. వాడు మెకానిక్ అయ్యాడో లేదో పాఠంలో లేదు.

ఈ వయసు పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం. ఎందుకంటే చదువుతున్న పిల్ల కూడా సరిగ్గా అక్కడే ఉంది, తర్వాతి పేజీ రాయకముందు. కానీ ఈ పాఠాన్ని మనం ఎలా చెబుతున్నాం? గాజుల పరిశ్రమలో ప్రమాదాలేవి, అయిదు మార్కులు. బాల కార్మిక వ్యవస్థకు కారణాలేవి, అయిదు మార్కులు. గైడులో పాయింట్లు ఉంటాయి. ముఖేష్ పాయింట్లలో కలిసిపోతాడు. వాడు ఎందుకు విమానం గురించి కలగనలేదు, కారు దగ్గరే ఎందుకు ఆగాడు అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. నేను కూడా అక్కడే ఆగుతున్నాను సార్ అనే జవాబు వస్తుంది. నోటితో రాకపోతే కళ్లలో వస్తుంది.

నిజమని చెప్పి అబద్ధం ఇవ్వకూడదు

1971లో అమెరికాలో ‘గో ఆస్క్ ఆలిస్’ అనే పుస్తకం వచ్చింది. మత్తుమందుకు బానిసై చనిపోయిన ఒక అమ్మాయి డైరీ అని, రాసిన పిల్ల పేరు తెలియదని చెప్పి అమ్మారు. తల్లిదండ్రులు, టీచర్లు నమ్మి పిల్లల చేతుల్లో పెట్టారు. దాన్ని తయారుచేసిన మనిషి బియాట్రిస్ స్పార్క్స్ అనే నడివయసు రచయిత్రి అని తర్వాత బయటపడింది. చివరికి పుస్తకం మొదటి పేజీల్లోనే ఇది కల్పితం అని వేయాల్సి వచ్చింది. పిల్లల్ని భయపెట్టడానికి పెద్దవాళ్లు పిల్లల గొంతు అరువు తెచ్చుకున్నారన్నమాట. నవల అని చెప్పి నవల ఇవ్వండి, తప్పులేదు. డైరీ అని చెప్పి నవల ఇస్తే, అది తెలిసిన రోజు ఆ పిల్ల మిగతా నిజమైన కథల్ని కూడా నమ్మడం మానేస్తుంది. మన దగ్గర వాట్సాప్‌లో తిరిగే పేరూ ఊరూ లేని ‘ఒక పేద విద్యార్థి నిజజీవిత గాథ’లు చాలావరకు ఈ బాపతువే. అసెంబ్లీలో చదివే ముందు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని మీరే ఆరా తీయండి. తేలకపోతే పక్కన పెట్టండి.

ఇంకో రకం అబద్ధం ఉంది, అది కత్తిరింపు. ఆన్ ఫ్రాంక్ డైరీ 1947లో మొదటిసారి అచ్చయినప్పుడు ఆమె తండ్రి ఓటో ఫ్రాంక్ కొన్ని భాగాలు తీసేశారు. అమ్మ మీద కూతురు కోపంతో రాసినవి, తన శరీరంలో వస్తున్న మార్పుల గురించి రాసినవి అందులో ఉన్నాయి. భార్యనూ ఇద్దరు కూతుళ్లనూ నాజీ శిబిరాల్లో పోగొట్టుకున్న ఆ తండ్రిని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ పదిహేనేళ్లు నిండిన కొద్ది నెలలకే బెర్గెన్-బెల్సెన్‌లో చనిపోయిన ఆ పిల్ల, దేవతలా కాకుండా అమ్మతో పోట్లాడే పిల్లలా మళ్లీ మనకు దక్కింది ఆ భాగాలు తర్వాతి ముద్రణల్లో చేరాకే. మన పాఠ్యపుస్తక కమిటీలు కత్తెర వేసేది కూడా ఎక్కువగా ఇక్కడే: ఇంట్లో గొడవ, శరీరం, కులం, తండ్రి తాగుడు. పద్నాలుగేళ్ల పిల్ల ఒంటరిగా మోస్తున్నవి కూడా ఇవే. పిల్లల కోసం కథను సులువు చేయొచ్చు, చిన్నది చేయొచ్చు. దానికి గుండెకాయలాంటి భాగాన్ని తీసేసి ఇస్తే మాత్రం వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

తల్లిదండ్రుల భయం

"పిల్లలకు ఎందుకండీ ఈ ఏడుపులు? లేనిపోనివి నేర్చుకుంటారు." పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మాట తప్పకుండా వస్తుంది. కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది.

కష్టాన్ని చెప్పే తీరును బట్టి మందు కావచ్చు, విషమూ కావచ్చు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత కొద్దిరోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ వార్తలు ఎలా వచ్చాయో ఒకసారి గుర్తుచేసుకోండి: ఫొటో, మార్కులు, ఎక్కడ, ఎలా అన్నీ. ఆత్మహత్యను వివరంగా, పదేపదే, అదొక్కటే దారి అన్నట్టు చెబితే అదే కష్టంలో ఉన్న మరో మనసు అటు మొగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు మార్గదర్శకాలు ఇచ్చింది ఇందుకే. వియన్నాలో 1987లో పత్రికలు ఇలాంటి వార్తలు రాసే తీరు మార్చుకున్నాక మెట్రో రైళ్ల కింద పడి చనిపోయేవారి సంఖ్య బాగా తగ్గింది.

రెండో వైపు కూడా ఉంది, అది అంతగా ప్రచారం కాలేదు. ఆస్ట్రియాలోనే థామస్ నీడర్‌క్రోటెంథాలర్ బృందం పత్రికల్లో వచ్చిన కథనాలను పరిశీలించి 2010లో ఒక విషయం ప్రకటించింది. చచ్చిపోదామనుకున్న మనిషి ఆ గడ్డుకాలాన్ని ఎలా దాటాడో చెప్పిన కథనాల తర్వాత ఆత్మహత్యలు తగ్గాయి. దీనికి మొజార్ట్ సంగీత నాటకంలోని పాత్ర పేరు మీద పాపగేనో ప్రభావం అని పేరు పెట్టారు. ఆ నాటకంలో ప్రాణం తీసుకోబోయిన పాపగేనోను ఆపి వేరే దారి గుర్తుచేసేది ముగ్గురు పిల్లలు.

కాబట్టి మీరు పెట్టుకోవాల్సిన నియమం స్పష్టంగానే ఉంది. చావుతో ముగిసే కథను, ముఖ్యంగా పద్ధతిని వర్ణించేదాన్ని, టీనేజీ పిల్లల క్లాసుకు తేకండి. తట్టుకుని ఇంకో ఉదయం లేచిన మనిషి కథ తెండి. ఎలా లేచాడు, ఎవరితో మాట్లాడాడు, ఏం చేశాడు అన్నది వివరంగా ఉండాలి. బోర్డు మీద ఒక మూల 14416 రాసి ఉంచండి. అది 2022లో మొదలైన టెలీ-మానస్ నంబరు, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా పగలైనా పలుకుతారు. ఆ నంబరు గురించి ఒక్కో పిల్లను పిలిచి చెప్పక్కర్లేదు. అందరికీ కనిపించేలా ఉంటే అవసరమైన పిల్ల చూసుకుంటుంది.

టీచర్లకు ఇంకో భయం ఉంటుంది, పై అధికారుల కోపం. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఎరిన్ గ్రువెల్ అనే కొత్త టీచర్ 1994లో విల్సన్ హైస్కూల్లో పనిచేస్తూ, గ్యాంగు గొడవల మధ్య పెరుగుతున్న పిల్లల చేత ఆన్ ఫ్రాంక్ డైరీ, సరయేవో యుద్ధంలో చిక్కుకున్న జ్లాటా ఫిలిపోవిచ్ డైరీ చదివించింది. తర్వాత వాళ్ల చేత సొంత డైరీలు రాయించింది. 150 మంది పిల్లల ఆ రాతలు 1999లో ‘ఫ్రీడమ్ రైటర్స్ డైరీ’గా వచ్చాయి. ఆ పుస్తకాన్ని ఇండియానా రాష్ట్రంలో క్లాసులో చదివించిన ఒక టీచర్‌ను, తల్లిదండ్రుల నుంచి అనుమతి పత్రాలు తెచ్చుకున్నా స్కూల్ బోర్డు ఒప్పుకోలేదన్న కారణంతో 2008లో ఏడాదిన్నర జీతం లేకుండా సస్పెండ్ చేశారు. పుస్తకంలో బూతులు, లైంగిక విషయాలు ఉన్నాయన్నది అభ్యంతరం. ఆమెకు జరిగింది అన్యాయమని నా అభిప్రాయం. అయినా మీ ఉద్యోగం మీకు ముఖ్యం. ముందు పుస్తకం మొత్తం మీరు చదవండి, హెచ్ఎంకు రాతపూర్వకంగా చెప్పండి, తల్లిదండ్రులకు అర పేజీ ఉత్తరం పంపండి. ఒప్పుకోని ఇంటి పిల్లకు మరో పుస్తకం సిద్ధంగా ఉంచండి, ఆ పిల్లను వరండాలో కూర్చోబెట్టకండి.

ఎలా చదివించాలి

బామ తమిళంలో 1992లో రాసిన ‘కరుక్కు’లోని ఒక భాగం సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో చేర్చారు. తమ వీధి పెద్దాయన ఒకరు తినుబండారాల పొట్లాన్ని చేత్తో ముట్టుకోకుండా దారం పట్టుకుని తెస్తుంటే చూసి చిన్నపిల్ల నవ్వుకుంటుంది. ఆ నవ్వు వెనక ఉన్న అంటరానితనం అన్నయ్య చెప్పాక తెలుస్తుంది. ఇలాంటి పాఠం చదివేటప్పుడు క్లాసులో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది: తలలన్నీ ఒక బెంచీ వైపు తిరుగుతాయి. స్వీపరమ్మ కూతురు, హాస్టల్ పిల్లవాడు, తండ్రి లేని పిల్ల, ఎవరి కథ చదివితే వాళ్ల వైపు. నలభై మందికి పాఠమైన కథ ఒక్కరికి శిక్ష అవుతుంది. ఈ ప్రమాదం చూసి కథ మానేయకండి, చదివే తీరు మార్చండి. వరసగా ఒకే రకం కష్టం కాకుండా వేర్వేరు ఇళ్ల కథలు తెండి: ఒకటి పేదరికం, ఒకటి చెవుడు, ఒకటి డబ్బున్న ఇంట్లో ఒంటరితనం. పైకి చదవడానికి ఆ పిల్లను లేపకండి. మీరే చదవండి. బాగా చదవగల టీచర్ గొంతుకు ఉన్న శక్తి ఏ ప్రాజెక్టు వర్కుకూ లేదు.

కథ అయిపోగానే "నీ జీవితంలో ఇలాంటిది జరిగిందా, చెప్పు" అని అడగకండి. చాలామంది టీచర్లు మంచి మనసుతోనే అడుగుతారు. అది బలవంతపు ఒప్పుకోలు అవుతుంది. చెప్పిన పిల్ల మర్నాడు క్లాసులోకి రావడానికి సిగ్గుపడుతుంది. ఫ్రీడమ్ రైటర్స్ పుస్తకంలో డైరీల మీద పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. ఆ పద్ధతిని మన బళ్లలోనూ పాటించాలి. కథలోని మనిషి గురించే అడగండి. ఆనంద్ దత్తాజీరావు దగ్గరికి వెళ్లేముందు ఆ రాత్రి ఏమనుకుని ఉంటాడు? తండ్రికి నిజం తెలిసిపోయి ఉంటే? పిల్లలు ఆనంద్ పేరు మీద తమ మాటే చెబుతారు. ఆ ముసుగు వాళ్లకు అవసరం, మీరు తీయకండి. మార్కులు వేయకండి. ఎవరైనా తమకు ప్రమాదం జరుగుతోందని చెబితే, ముఖ్యంగా ఇంట్లో కొట్టడం, లైంగిక వేధింపు లాంటివి, అది రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. ఆ పిల్లకు చెప్పి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

తెలుగులో వెతికితే

తెలుగులో పుస్తకాలు లేకపోలేదు, క్లాసు దాకా రావడమే లేదు. చిత్తూరు జిల్లా పల్లెలో తన బాల్యాన్ని ఆ యాసలోనే చెప్పిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’, నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇంటి పిల్లవాడి రోజులు చెప్పే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, తెలంగాణ దళిత రైల్వే కుటుంబంలో ఒక తండ్రి పిల్లల చదువు కోసం పడ్డ తపన చెప్పే వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’. ఈ మూడింట్లో ఏది తెచ్చినా మొత్తం చదివించాలని లేదు. పీరియడ్‌లో సరిపోయే నాలుగైదు పేజీలు ముందే గుర్తుపెట్టుకోండి. నామిని రాతలో పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, కష్టం గురించి చదువుతున్నామని మొహాలు ముడుచుకుని కూర్చోవాల్సిన పనిలేదు.

ఆడపిల్లలు పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఉన్నదున్నట్టు రాసుకున్న తెలుగు పుస్తకాలు మాత్రం అరుదు. పెళ్లి చేయబోతే ఎదురుతిరిగి మళ్లీ బడికి వచ్చిన అమ్మాయిలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన బ్రిడ్జి క్యాంపుల్లోంచే అలాంటి పిల్లలు ఎందరో చదువులోకి వచ్చారు. వాళ్ల కథలు వాళ్ల మాటల్లో పుస్తకాలుగా రావాలి. రాసేవాళ్లు ఈ పేజీ చదువుతుంటే, ఇది మీ పని.

అంతవరకు మీ బళ్లోనే ఒక పని చేయొచ్చు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం 2011లో అచ్చయింది. కొత్తగా చేరిన విద్యార్థుల చేత గంటసేపు పై తరగతుల వాళ్ల అనుభవాలు చదివించారు. మొదట్లో ఇక్కడ నాకు చోటు లేదనిపించింది, మెల్లగా అలవాటైంది అన్నదే వాటి సారం. నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లపాటు పెరుగుతూ వచ్చాయి, తెల్లవాళ్లతో తేడా సగానికి తగ్గింది. ఒక్క గంట, పై క్లాసు పిల్లల మాటలు, అంతే.

మీ బడి నుంచి వెళ్లిన పిల్లల్లో లెక్కల్లో సప్లిమెంటరీ రాసినవాళ్లు, మధ్యలో మానేసి తిరిగొచ్చినవాళ్లు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్‌కు మారి ఆర్నెల్లు నోరు మెదపనివాళ్లు ఉంటారు. వాళ్లను ఒక పేజీ రాసి ఇమ్మని అడగండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా అప్పటి రోజుల గురించి ఉండాలి. పాసైనవాళ్లవే కాదు, ఇంకా పాసవనివాళ్లవి కూడా తీసుకోండి. పేరు లేకుండా తీసుకోండి. ఊరు, నాన్న పని లాంటి ఆనవాళ్లు వాళ్లు ఒప్పుకుంటేనే ఉంచండి. తప్పులు దిద్దకండి, వాక్యాలు అందంగా మార్చకండి. ఒక ఫైల్లో పెట్టి లైబ్రరీ బల్ల మీద ఉంచండి, రిజిస్టర్‌లో సంతకం అడగకండి. జూన్‌లో బడి తెరిచిన వారంలో ఒక పీరియడ్, అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు ఇచ్చిన రోజు ఇంకో పీరియడ్ అందులోంచి చదివి వినిపించండి. రాసిన పిల్ల రెండేళ్ల తర్వాత వచ్చి నా పేజీ తీసేయండి టీచర్ అంటే, ఎందుకని అడక్కుండా తీసి చేతికివ్వండి.